గాలి పుస్తకంలో కొట్టివేసిన వరుస

ఆ వార్త నాకు మొదట తెచ్చింది మా ఆస్పత్రిలో స్ట్రెచర్ తోసే ఆయన. మధ్యాహ్నం పన్నెండు దాటింది. నేను అన్నం డబ్బా మూత తీసి, కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పుకుంటున్నాను. ఆమెన్ అనే దాకా కూడా ఆగలేదు ఆయన.

"అక్కా, నీ మగ్గం పెద్దాయన ఇంగా వదల్లే."

ఏం వదల్లేదని నేను అడగలేదు. మా గదిలో వదలడం అంటే ఒక్కటే. డబ్బా మూత మళ్ళీ పెట్టేసి లేచాను.

పిల్లలూ, మా చర్చి సంఘంలో నర్సింగు చదివేవాళ్ళు, ల్యాబు పనికి పోయేవాళ్ళు మీరంతా ఈ మధ్య నన్ను కూర్చోబెట్టి, "ఆంటీ, మీ ఉద్యోగంలో మరిచిపోలేని రోజు ఒకటి చెప్పండి" అన్నారు కదా. మీరు ఏదో గొప్ప సంగతి వస్తుందని ఎదురుచూసి ఉంటారు. నాకు గుర్తొచ్చింది ఇది. నవ్వండి, పరవాలేదు. నేను కూడా చాలా రోజుల తర్వాత నవ్వాను. ఆ రోజు మాత్రం నవ్వలేదు.

కర్నూలులో ఒక పెద్ద ఆస్పత్రిలో, పెద్దపేగును కెమెరా గొట్టంతో చూసే గదిలో నేను ఆయాగా పనిచేసేదాన్ని. ముందు రోజు రోగి ఉప్పటి మందునీళ్ళు సీసాలకు సీసాలు తాగి కడుపు కడుక్కోవాలి. పొద్దున గొట్టం లోపలికి పోతుంది. పేగు మడతలు విప్పి చూడాలంటే లోపలికి గాలి కొట్టాలి, సైకిల్ ట్యూబుకు కొట్టినట్టే. పరీక్ష అయ్యాక ఆ గాలి బయటికి రావాలి. వస్తే నీళ్ళు తాగి ఇంటికి పోవచ్చు. రాకపోతే డాక్టరు మళ్ళీ చూడాలి. ఎందుకంటే ఎంత మంచి చేతిలోనైనా, ఎప్పుడో ఒకరికి, గొట్టం తగిలి పేగుకు రంధ్రం పడవచ్చు. ఆ మాట మా పెద్ద డాక్టరు ప్రతి ఒక్కరికీ ముందే చెప్పి సంతకం తీసుకునేవారు. అందరూ తలపైన తిరిగే ఫ్యాను చూస్తూ సంతకం పెట్టేవాళ్ళు.

గాలి వచ్చిందా లేదా అని రాసే పుస్తకం నా దగ్గర ఉండేది. నేను బడికి పోలేదు. మా పల్లెలో బడి దూరం. మా నాయన చర్చిలో గంట కొట్టేవాడు, పొలంలో కూలికి పోయేవాడు. సందేళ దీపం ముందర పలక పెట్టి అక్షరాలు దిద్దించాడు. అందువల్ల నా రాత గుండ్రంగా, ముత్యాల్లాగా ఉంటుంది. ఆ రాత చూసే పెద్ద డాక్టరు ఆ పుస్తకం నాకు ఇచ్చారు. అప్పటి నుంచి ఆస్పత్రిలో నా పేరు గాలి అక్క. దేవుడు ఒక్కొక్కరికి ఒక్కో పని అప్పగిస్తాడు. కొందరికి వాక్యం చెప్పడం, కొందరికి పాట పాడటం. నాకు ఇది అప్పగించాడు. నాయన నేర్పిన అక్షరాలు నాకు అన్నం పెట్టాయి. అందుకు ఇప్పటికీ రోజూ వందనం చెబుతాను.

నాకొక నియమం ఉండేది. రోగిని అడిగి రాయను. సిగ్గుతో అబద్ధం చెబుతారు. తెర వేసి, బయట స్టూలు మీద కూర్చుని, నా చెవితో విన్నదే రాస్తాను. ఆ చెవి మీద నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. నందికొట్కూరు రైతులు అంగడి షట్టరు ఎత్తినట్టు ఒక్కసారిగా కానిచ్చేవాళ్ళు. బడి అయ్యవార్లు ముందు దగ్గి, ఆ దగ్గు చాటున పని పూర్తిచేసేవాళ్ళు. ఒక కాంట్రాక్టరు ఫోనులో పాట పెట్టమన్నాడు. పాట అయిపోయే వరకు కూర్చుని, మధ్యలో వినిపించినంతా విని రాశాను.

ఇప్పుడు మగ్గం పెద్దాయన సంగతి. ఎమ్మిగనూరు దిక్కు నుంచి వచ్చాడు. చీరలు నేసే ఇల్లు. అరవై దాటినవాడు. తెల్లని పంచె, భుజాన మడత నలగని కండువా. ఊర్లో అన్నదమ్ముల తగాదాలు ఈయన తీరుస్తాడట. దొడ్డికి కూర్చుంటే రక్తం పడుతోందని, మూడు నెలలు భార్యకు కూడా చెప్పకుండా దాచి, ఆమె పంచె ఉతికేటప్పుడు పట్టుకుంటే వచ్చాడు. అంత మర్యాదస్థుడు.

నేను పోయేసరికి ఆయన మంచం చుట్టూ ఆరుగురు. భార్య, ఆత్మకూరు నుంచి వచ్చిన ఆమె తమ్ముడు, ఇంకా నలుగురు చుట్టాలు. అందరూ ఆయన పొట్ట వంక పాలు పొంగడం కోసం చూసినట్టు చూస్తున్నారు.

"కొంచెం వదలండి పెద్దాయనా, పరవాలేదు," అన్నాను.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. భార్య నన్ను పక్కకు పిలిచి చెప్పింది: "నలబై ఏండ్ల కాపరం తల్లీ. నేను ఒక్కసారి గూడా ఇనలే. లేసి దొడ్లోకి పోతాడు. వానొచ్చినా పోతాడు. గొడుగు తీసుకోని పోతాడు."

బావమరిది మంచం పక్కన వంగి బతిమాలుతున్నాడు. "బావా, సిగ్గుపడితే యాడనుంచొస్తాది? ఈడ ఎవురూ లేరనుకో."

"ఇంతమంది ఉండారు గదరా."

"సరే, సెవులు మూసుకుంటాం. ఏమప్పా, అందరూ మూసుకోండి."

ఆరుగురూ చెవుల్లో వేళ్ళు పెట్టుకుని, మంచం చుట్టూ నిలబడి, రెప్ప వేయకుండా ఆయన్నే చూశారు. పాపం, ఆ చూపుల కింద ఎవరికి వస్తుంది? నేనూ నా పాట్లు పడ్డాను. ఎడమ పక్కకు తిప్పాను, మోకాళ్ళు పొట్టకు ఆనించాను, వరండాలో రెండుసార్లు నడిపించాను. చుట్టాల్లో ఒకామె కొంగు చాటున గోలీ సోడా తెచ్చింది. "గాలిని గాలే నూకుతాది" అంటుంది. ఆ సీసా లాక్కుని స్ట్రెచర్ ఆయనకు ఇస్తే, ఆయన సందేహం లేకుండా తాగేశాడు. ఆ రోజు నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే అనుకుంటాను.

ఒంటిగంట ప్రాంతంలో పెద్దాయన మెల్లగా, "తల్లీ, భుజం లాగుతాంది" అన్నాడు.

ఇక్కడ బాగా వినండి పిల్లలూ. నేను ఆయన భుజం తట్టి నవ్వాను. "ఇన్నేండ్లు మగ్గం లాగిన భుజం, లాగకుండా ఉంటుందా పెద్దాయనా?" అన్నాను. మా పల్లె పక్కనే నేత వీధి. అక్కడ భుజం నొప్పి లేని మనిషిని నేను చూడలేదు. అందుకే అంత ధీమా. చిన్న డాక్టరమ్మ వచ్చి, పొట్ట నొక్కి, "గట్టిగానే ఉంది. ఇంకెక్కడైనా నొప్పి ఉందా?" అని అడిగితే, రోగి నోరు తెరిచే లోపల నేను జవాబు చెప్పాను. "భుజం అంటాడు మేడం. మగ్గం నేసేవాళ్ళు కదా." ఆమె తల ఊపింది. బయట ఇంకా చాలామంది ఉన్నారు. "గాలి పోతే చెప్పండి, చీటీ రాస్తా," అని వెళ్ళిపోయింది.

పెద్దాయన అప్పటికే "ఇంటికి పోదాం, ఇంటికి పోదాం" అని ఒకటే మూలుగు. బావమరిది నా దగ్గరకు వచ్చాడు.

"అక్కా, గాలి పోకపోతే పంపరా?"

"పంపరప్పా. ఈ పుస్తకంలో నేను రాస్తేనే చీటీ."

"నువ్వు ఇంటేనే రాస్తావా?"

"వింటేనే."

అతను తల గోక్కుని పుస్తకం వంక చాలాసేపు చూశాడు. ఆ చూపుకు నేను భయపడి ఉండాల్సింది. కాసేపటికి లోపల నుంచి కేకేశాడు. "అందరూ బయటికి పాండి! బావకు సిగ్గుగా ఉండాది. నేనొక్కన్నే ఉంటా."

అందరం వరండాలోకి వచ్చాం. తెర వేసి స్టూలు మీద కూర్చున్నాను. మనసులో ప్రార్థన చేసుకున్నాను. ప్రభువా, ఈ పెద్దాయన కడుపులోని గాలిని బయటికి పంపు. ఇలాంటిది అడగడానికి నాకు ఎప్పుడూ సిగ్గు అనిపించలేదు. ఆ పేగు చేసినవాడు ఆయనే కదా.

వినిపించింది. పాత గుడ్డ చింపినట్టు మొదలై, ఎద్దులబండి రాళ్ళదారి ఎక్కినట్టు సాగి, చివర ఎవరినో ఏదో ప్రశ్న అడిగినట్టు పైకి లేచి ఆగింది. వరండా అంతా చప్పట్లు. స్ట్రెచర్ ఆయన "సుభానల్లా!" అన్నాడు. చుట్టాలు ఒకరినొకరు పట్టుకుని నవ్వారు. పెద్దాయన భార్య మాత్రం నవ్వలేదు. ముఖం అదోలా పెట్టి తెర వంక చూస్తూ ఉండిపోయింది. సిగ్గుపడుతోంది అనుకున్నాను. పుస్తకం తెరిచి, ఆయన పేరు ఎదురుగా, గుండ్రటి అక్షరాలతో, "గాలి పోయింది. చాలా బాగా" అని రాశాను. "చాలా బాగా" అని అంతకు ముందు ఎవరికీ రాయలేదు. దేవునికి వందనం చెప్పుకుని అన్నం కూడా తిన్నాను. చిన్న డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది.

రోగులను గేటు దాకా సాగనంపడం నాకు అలవాటు. వాళ్ళ సంచి నేనే పట్టుకున్నాను. గేటు బయట అద్దె జీపు. పెద్దాయన ముందు సీటు ఎక్కబోయి, కాలు పైకి ఎత్తలేక, చేత్తో భుజం పట్టుకుని నిలబడ్డాడు. నుదుట చెమట. అప్పుడు ఆయన భార్య జీపు తలుపు పట్టుకుని అడ్డంగా నిలబడింది.

"ఎక్కించను," అంది.

"ఏమైందక్కా?" అన్నాడు తమ్ముడు.

ఆమె తమ్ముని వైపు తిరిగింది. "ఒరే అబ్బోడా, అది నీది గదరా."

"ఏంది నాది?"

"ఏందో నీకు తెల్సు. నిన్ను చంకనేసుకోని సాకినా. నీ ఏడుపు, నీ గురక, నీ ఇదీ మూడూ నాకు తెల్సు. గోడవతల ఉన్నా తెల్సు."

జీపు డ్రైవరు ఇటు తిరిగి చూశాడు. నాకు మాత్రం రోషం వచ్చింది. "అమ్మా, నేను నా చెవులతో విన్నాను," అన్నాను. ఇన్నేళ్ళ అనుభవం మరి.

"ఇన్నావు తల్లీ, కాదనను. ఎవురిదో సూసినావా?"

చేతిలోని సంచి కింద పెట్టేశాను.

ఆమె ఆగలేదు. "ఇంగోటి. ఈయప్ప పట్టుకున్యాది ఏ భుజమో సూడు. ఎడమది. మగ్గం తాడు గుంజేది కుడి సెయ్యి. దినామూ సందేళ కూసోని ఆముదం రుద్దేది కుడి భుజానికి. ఎడమది ఏ పొద్దూ నొస్తాందనలే. ఈ పొద్దు యాల నొస్తాది?"

తమ్ముడు అక్కడే నేల మీద కూలబడ్డాడు. "బావ ఇంటికి పోదామని ఏడుస్తాండె అక్కా. నా వల్ల కాలే. పుస్తకంలో ఒకటి పడితే పంపుతారు గదా అని..."

జీపుకు ఆనుకున్న పెద్దాయన కళ్ళు తెరవకుండానే అన్నాడు: "వద్దంటే ఇనలే ఈడు. బయట అందరూ సప్పట్లు కొట్టిరి. నాది కాదని యాడ సెప్పేది?"

అప్పుడు గుర్తొచ్చింది. మా పెద్ద డాక్టరు విద్యార్థులకు చెబుతుంటే ట్రే పట్టుకుని పక్కన నిలబడి ఎన్నిసార్లు విన్నానో. పేగుకు రంధ్రం పడితే గాలి పొట్టలోకి కారుతుంది, పైకి పోయి ఊపిరితిత్తుల కింది పొరను నొక్కుతుంది, అప్పుడు నొప్పి భుజంలో తెలుస్తుంది. ఆ మాట నా చెవిలోనే ఉంది. దాని మీద నేనే మగ్గం పరిచి కప్పేశాను. ఆ జీపు కదిలి ఉంటే రెండు గంటల దూరం, గుంతల దారి, ఊర్లో సర్జను లేడు. తెల్లారేసరికి ఆ పొట్ట విషమయ్యేది.

స్ట్రెచర్ ఆయనను కేకేశాను. అంత వేగంగా ఆయన స్ట్రెచర్ తోయడం నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. నేను పుస్తకం తీసుకుని చిన్న డాక్టరమ్మ ముందర నిలబడ్డాను. అంతవరకు ఆ పుస్తకంలో ఒక్క కొట్టివేత లేదు. అది నా గొప్ప. ఆమె చూస్తుండగానే ఆ వరుస మీద అడ్డంగా గీత గీసి, కింద రాశాను: "పై గాలి ఈ రోగిది కాదు. ఆయన బావమరిదిది. పొరపాటు నాది." సంతకం పెట్టాను.

ఆమె చదివింది. పెదవులు బిగబట్టుకుంది. పాపం, చిన్న వయసు, నవ్వు వస్తుంది కదా. "మేడం, నొప్పి ఎడమ భుజంలో. మగ్గం లాగేది కుడి చెయ్యి అంట," అన్నాను. ఆ బిగబట్టిన నవ్వు ఎటు పోయిందో తెలియదు. "నిలబెట్టి ఛాతీ ఎక్స్‌రే! ఇప్పుడే!" అని పరుగెత్తింది.

ఫిల్ము వెలుగులో పెట్టారు. ఊపిరితిత్తి కింద సన్నగా, నల్లగా, నెలవంకలాగా గాలి. స్ట్రెచర్ ఆయన నా వెనక నిలబడి మెల్లగా అన్నాడు: "నెలవంక కనపడితే నేను ఎప్పుడూ సంతోషపడినోన్నే అక్కా. ఈ పొద్దు మాత్రం వద్దనిపిస్తాంది."

పెద్ద డాక్టరు టీ కప్పు చేతిలో పట్టుకునే వచ్చారు. కొట్టివేసిన వరుస చదివి నా వంక ఒకసారి చూశారు. నేరుగా ఆ భార్య దగ్గరకు పోయారు. "అమ్మా, పేగు మలుపు దగ్గర రంధ్రం పడింది. నా పరీక్షలోనే పడింది. వెంటనే కోసి కుట్టాలి," అన్నారు. దాచలేదు, మెలిక పెట్టలేదు. ఆయన దగ్గర పనిచేసినందుకు దేవునికి వందనం.

ఆమె ఒక్క క్షణం గోడ పట్టుకుంది. తర్వాత అంది: "పోగు తెగితే ఎంబడే అతకల్ల సామీ. ఆలిస్యమైతే గుడ్డంతా పాడవుతాది. కానీండి."

ఆపరేషను గది బయట బెంచీ మీద నేనూ ఆ తమ్ముడూ పక్కపక్కన కూర్చున్నాం. తర్వాత అతను, "నేను సంపుతాంటి గదక్కా మా బావను," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"నువ్వు ఒక్కడివే కాదప్పా. కింద సంతకం నాది," అన్నాను.

"మీ దేవునితో సెప్పేటప్పుడు నా మాట గూడా సెప్పు."

చెప్పాను. ఇద్దరి తప్పూ ఒకే ప్రార్థనలో పెట్టాను. నిజానికి అతను చేసింది ప్రేమతో చేశాడు. నేను చేసింది గర్వంతో చేశాను. ఏది బరువో దేవునికే తెలుసు. ఇంకో సంగతి కూడా అప్పుడే తోచింది. గాలి వదలడాన్ని నేనే ఒక పరీక్షగా మార్చి పెట్టాను, పాసైతేనే ఇంటికి. పరీక్ష అన్నాక కాపీ కొట్టేవాళ్ళు ఉండరా?

దీపాలు వెలిగే వేళకు సర్జను బయటికి వచ్చారు. రంధ్రం చిన్నదే, కుట్టేశాం, పేగు శుభ్రంగా ఉంది కాబట్టి లోపల పెద్దగా పాడు కాలేదు అన్నారు. అంత శుభ్రంగా ఎందుకుందో తర్వాత తెలిసింది. ఆ ఉప్పటి మందునీళ్ళు రెండు లోటాలు తాగి చాలన్నాడట పెద్దాయన. భార్య చెంబు పట్టుకుని ఎదురుగా కూర్చుని, చివరి చుక్క దాకా తాగించిందట. "సాలంటాడు, ఎప్పుడూ సాలనే అంటాడు," అంది నాతో.

నాలుగో రోజు ఆయనను చూడటానికి నేను సర్జరీ వార్డుకు పోయిన వేళకే డాక్టర్లు రౌండ్సుకు వచ్చారు. పది పన్నెండు మంది విద్యార్థులు మంచం చుట్టూ నిలబడి ఉండగా, పెద్దాయన కడుపు తనంతట తాను ఒక మాట చెప్పింది. చిన్న మాటే, బెదురుతూ చెప్పినట్టు. ఆయన కండువా ముఖం మీదికి లాక్కున్నాడు. సిస్టరు, "ఆయనదేనా?" అని నా వంక చూసింది. నేను ఆయన భార్య వంక చూశాను. నలభై ఏళ్ళ కాపురంలో మొదటిసారి విన్నది కదా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేటట్టు నవ్వుతోంది.

"ఆయనదే," అంది. "ఇది కొత్తది."

ఆ రక్తం సంగతి కూడా చెప్పాలి కదా. మొలలే అని తేలింది. మందులతో తగ్గింది. పది రోజులకు నడుచుకుంటూ పోయాడు. అదే జీపు.

ఆ తర్వాత నా నియమం మార్చుకున్నాను. తెర తీసి చూశాను, సిగ్గుపడితే సిగ్గుపడనీ అని. నొప్పి అంటే ఏ పక్క అని రోగినే అడిగాను, నేను జవాబు చెప్పడం మానేశాను. ఇప్పుడు గదుల్లో మామూలు గాలి కాకుండా ఒంట్లోనే కలిసిపోయే వేరే గాలి కొడుతున్నారట. ఇక ఆ పుస్తకం అవసరం కూడా తగ్గిపోయింది. నేను కల్లూరులో ఇంటి అరుగు మీద కూర్చుని షేర్ ఆటోలు లెక్కపెట్టుకుంటున్నాను. మంచిదే.

ఆ కేసు షీటులో పెద్ద డాక్టరు సంతకం ఉంది, సర్జను సంతకం ఉంది, చిన్న డాక్టరమ్మది ఉంది. ఆ చేనేత ఇల్లాలిది మాత్రం, ఆపరేషనుకు ఒప్పుకున్నట్టు, ఒక వేలిముద్ర. ఆయనను కాపాడింది ఆమె అని అందులో ఎక్కడా రాసి లేదు. రాసే గడి కూడా లేదు. రేపు మీరు ఏ వార్డులో నిలబడినా, మంచం కాళ్ళ దగ్గర నేల మీద సంచి పెట్టుకుని ఒక మనిషి కూర్చుని ఉంటుంది. మీకు పని తొందర ఉంటుంది, ఆమెకు మాట తడబడుతుంది. మీరు నాలాగే ఆమెకు అడ్డం వచ్చి జవాబు చెప్పబోతారు. అప్పుడు ఒక్క క్షణం ఆగి, నడిరోడ్డు మీద సొంత తమ్ముని పరువూ మొగుని పరువూ పక్కన పెట్టి, జీపు తలుపు పట్టుకుని "ఎక్కించను" అన్న ఆ తల్లిని తలుచుకోండి. మీ ప్రార్థనల్లో చోటుంటే, అక్కడ కూడా తలుచుకోండి.